పీహెచ్‌డీ సాగుతుండగానే పరిశోధనా నైపుణ్యాలను అలవరచుకోవడం ఎలా

పీహెచ్‌డీలో ప్రవేశం దొరికిన తొలి నెలల్లో పరిశోధక విద్యార్థి మనసంతా అంశం ఖరారు చేసుకోవడం మీద, ఫెలోషిప్ కాగితాల మీద, హాస్టల్ గది మీద ఉంటుంది. తాను ఏయే పనులు నేర్చుకోవాలో ఆలోచించే తీరిక ఉండదు. ఆ ఆలోచన చాలామందికి నాలుగో ఏడాదిలో, అధ్యాయాలు రాయడానికి కూర్చున్నప్పుడు వస్తుంది. తెచ్చుకున్న సమాచారాన్ని విశ్లేషించడం చేతకాదని, చదివిన వ్యాసాల వివరాలు ఏ నోటుపుస్తకంలో రాసుకున్నారో గుర్తు లేదని, ఒక్క పేరా పూర్తి చేయడానికి రెండు రోజులు పడుతున్నదని అప్పుడు తెలుస్తుంది. తెలివికీ కష్టపడే గుణానికీ లోటు లేని పిల్లలు సరిగ్గా ఈ దశలో కుంగిపోవడం నేను చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను, ఎందుకంటే వారికి కావలసిన శిక్షణను మొదటి ఏడాదిలోనే అమర్చుకోవడం అసాధ్యమేమీ కాదు.

దాన్ని ఎలా అమర్చుకోవాలో ఇక్కడ వివరిస్తాను. మన తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో సామాజిక శాస్త్రాలు, చరిత్ర, భాషాసాహిత్యాలలో పరిశోధన చేస్తున్నవారిని ప్రధానంగా దృష్టిలో పెట్టుకున్నాను. ప్రయోగశాలల్లో పనిచేసేవారికి కూడా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక మాట గుర్తుంచుకోవాలి: ఏ నైపుణ్యాన్నయినా మీ సిద్ధాంత గ్రంథానికి సంబంధించిన సొంత సామగ్రి మీద సాధన చేస్తేనే అది మీకు పట్టుబడుతుంది. వర్క్‌షాపులో వేరెవరి పట్టికల మీదనో నేర్చుకున్నది ఇంటికి వచ్చేలోపు సగం జారిపోతుంది.

నియమాలు ఏమి ఇస్తున్నాయి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నవంబరులో ప్రకటించిన పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం, కోర్సువర్క్‌తో కలిపి కనీస కాలం మూడేళ్లు, గరిష్ఠ కాలం ఆరేళ్లు. పునర్నమోదు చేసుకుంటే మరో రెండేళ్ల గడువు దొరకవచ్చు. మహిళలకూ, నలభై శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికీ దానిపైన ఇంకో రెండేళ్ల వెసులుబాటు ఉంది. మహిళా పరిశోధకులు ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు కింద మొత్తం కాలంలో 240 రోజుల వరకు తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక పిల్లలు పుట్టిన ఏడాది పరిశోధనే మానుకోవాలేమో అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు కాబట్టి ప్రత్యేకంగా చెబుతున్నాను.

శిక్షణ సంగతికి వస్తే, ఆ నిబంధనలు మూడు అవకాశాలు కల్పిస్తున్నాయి. కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉండాలి, అందులో పరిశోధనా నీతి, ప్రచురణ నీతి గురించిన పాఠ్యాంశం తప్పనిసరి. ప్రతి సెమిస్టరులో పరిశోధనా సలహా సంఘం ముందు, అంటే మనం ఆర్‌ఏసీ అని పిలిచే సంఘం ముందు, మీ ప్రగతిని వివరించాలి. అలాగే ఏ శాస్త్రానికి చెందినవారైనా తమ పీహెచ్‌డీ కాలంలో బోధనలోనూ రచనలోనూ శిక్షణ పొందాలి. ఇందుకోసం వారానికి 4 నుంచి 6 గంటల పాటు ట్యుటోరియళ్లు, ప్రయోగశాల పని, జవాబు పత్రాల మూల్యాంకనం వంటివి అప్పగించవచ్చు. ఈ మూడింటినీ గట్టెక్కవలసిన లాంఛనాలుగా కాక, మీకు హక్కుగా దక్కిన శిక్షణగా తీసుకుంటే తరువాతి దారి చాలా సుగమం అవుతుంది.

ఆర్‌ఏసీ సమావేశానికి వెళ్లేటప్పుడు ఎంతవరకు చదివారో చెప్పే స్లైడ్లతో పాటు, ఈ ఆరు నెలల్లో ఏ పని నేర్చుకున్నారు, వచ్చే ఆరు నెలల్లో ఏది నేర్చుకోవాలనుకుంటున్నారు, అందుకు విభాగం నుంచి ఏ సహాయం కావాలి అన్న మూడు సంగతులను ఒక్క పేజీలో రాసి సభ్యుల చేతికి ఇవ్వండి. నోటితో అడిగిన సహాయం ఆ పూటకే మరుగున పడవచ్చు. కాగితం మీద అడిగినది మినిట్స్‌లో చేరుతుంది, తరువాతి సమావేశంలో మీరు దాన్ని గుర్తుచేయగలుగుతారు.

మీకు రానిదేదో ముందు తేల్చుకోండి

నేర్చుకోవలసినవాటి జాబితా రాయమంటే విద్యార్థులు సాధారణంగా కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్ పరిజ్ఞానం, ఇంగ్లిష్ అని మూడు పెద్ద మాటలు రాసుకొస్తారు. ఆ జాబితాతో ఏ పనీ మొదలుపెట్టలేము. దానికి బదులు శోధగంగ తెరవండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే కేంద్రం) నడిపే ఈ భాండాగారంలో దేశంలోని విశ్వవిద్యాలయాలకు సమర్పించిన సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. మీ అంశానికి దగ్గరగా ఉన్నవి మూడు ఎంచుకుని, వాటిలో పరిశోధనా పద్ధతిని వివరించే అధ్యాయాన్ని మాత్రమే ముందుగా చదవండి. రచయిత చేసిన ప్రతి పనినీ వరుసగా రాసుకోండి: ఎన్ని గ్రామాలు ఎంచుకున్నారు, వాటిని ఎలా ఎంచుకున్నారు, ప్రశ్నావళిని ముందుగా ఎవరి మీద పరీక్షించారు, ఏ గణాంక పరీక్ష చేశారు, ఏ భాషలోని పాత కాగితాలు చదివారు. ఒక్కొక్క పని ఎదుట 'చేయగలను', 'సాయం ఉంటే చేయగలను', 'అసలు తెలియదు' అన్న మూడింటిలో ఒకటి నిజాయితీగా రాయండి. చివరి గడిలో పడినవే మీ శిక్షణ జాబితా.

ఇలా చేసినప్పుడు ఒక్కొక్కరి జాబితా ఒక్కో తీరుగా వస్తుంది. నిజాం కాలపు రెవెన్యూ చరిత్ర మీద పనిచేయదలచినవారికి హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర పురాభిలేఖాగారంలో (ఆర్కైవ్స్‌లో) ఎదురయ్యేవి ఉర్దూ, పార్శీ కాగితాలు; వారు మొదటి ఏడాదిలో గణాంక శాస్త్రం కన్నా ముందు ఉర్దూ లిపి దిద్దుకోవాలి. తొలినాటి తెలుగు పత్రికల మీద పనిచేసేవారు వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు సుందరయ్య విజ్ఞాన కేంద్రం వంటి చోట్ల పెళుసుబారిన కాగితాన్ని చెడగొట్టకుండా ఎలా తిప్పాలో, సంపుటం, సంచిక, పుట తప్పకుండా ఎలా నమోదు చేసుకోవాలో అక్కడి సిబ్బంది పక్కన కూర్చుని నేర్చుకోవాలి. ఇలాంటివి ఏ ఆన్‌లైన్ కోర్సులోనూ దొరకవు.

సమాచారాన్ని పట్టికలో ఎక్కించడం

నా అనుభవంలో అందరికన్నా ఎక్కువ దెబ్బ తింటున్నది ఈ చోటే, కాబట్టి కొంచెం ఆగి వివరంగా చెబుతాను. గణాంక పరీక్షలు నేర్పే వర్క్‌షాపులు ఎన్నో జరుగుతున్నాయి; ఆ పరీక్షకు ముందు అంకెలను పట్టికలో సరిగ్గా ఎక్కించడం ఎలాగో నేర్పేవారు తక్కువ.

రెండు రాష్ట్రాల్లోనూ కౌలు రైతుల మీద సర్వే చేస్తున్న విద్యార్థిని ఒకరు ప్రశ్నావళిలో భూమి విస్తీర్ణం దగ్గర 2.20 అని రాసుకున్నారనుకోండి. తెలంగాణ గ్రామంలో ఆ అంకెకు రెండెకరాల ఇరవై గుంటలు అని అర్థం. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది అక్షరాలా రెండున్నర ఎకరాలు. కోస్తా గ్రామంలో అదే అంకెకు రెండెకరాల ఇరవై సెంట్లు అని అర్థం; ఎకరానికి 100 సెంట్లు కాబట్టి అక్కడ అది 2.2 ఎకరాలే. రెండు చోట్ల ప్రశ్నావళులనూ తెచ్చి ఒకే ఎక్సెల్ నిలువు వరుసలో ఎక్కిస్తే కంప్యూటరు రెండింటినీ 2.2 గానే తీసుకుంటుంది. తెలంగాణలో 2.20 చొప్పున ఉన్న ఇద్దరి భూమిని కూడితే అది 4.40 అని చూపిస్తుంది. గుంటల లెక్కలో ఆ మొత్తం ఐదెకరాలు. తప్పు ఎక్కడా ఎర్రగా కనిపించదు, ఏ సాఫ్ట్‌వేరూ హెచ్చరించదు, సగటులూ శాతాలూ అన్నీ చక్కగా వస్తాయి, వైవాలో ఊరి సంగతి తెలిసిన పరీక్షకులు ఒకరు పట్టుకునేదాకా అలాగే ఉంటుంది.

దీనికి పరిష్కారం చిన్నదే. ఎకరాలకు ఒక గడి, గుంటలకో సెంట్లకో మరో గడి, ఆ రెండో గడిలో ఉన్నది గుంటలా సెంట్లా అని చెప్పే మూడో గడి పెట్టుకోవాలి. దశాంశంలోకి మార్చిన విస్తీర్ణాన్ని నాలుగో గడిలో సూత్రం రాసి కంప్యూటరు చేతనే లెక్క కట్టించాలి. ఈ ఏర్పాటునంతా కోడ్‌బుక్ అనే విడి ఫైలులో మాటల్లో రాసి పెట్టుకోవాలి. ప్రతి గడి పేరు, దాని అర్థం, కొలమానం, సమాధానం రాని చోట ఏమి రాశారో అన్నీ అందులో ఉండాలి. ఫీల్డ్‌వర్క్‌కు బయలుదేరడానికి ముందే కోడ్‌బుక్ సిద్ధం చేసి, ఊళ్లో పదిమందిని అడిగి ఆ సమాధానాలను పట్టికలో ఎక్కించి చూడండి. ప్రశ్నావళిలోని లోపాలు చాలావరకు ఆ పదిమంది దగ్గరే బయటపడతాయి.

జిల్లాల సంగతి కూడా ఇటువంటిదే. తెలంగాణలో పది జిల్లాలు 2016 అక్టోబరులో 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. 2011 జనాభా లెక్కల్లోని వరంగల్ జిల్లాను ఇప్పటి వరంగల్ జిల్లాతో పోల్చి ప్రగతి శాతాలు కట్టకూడదు. మండలాల స్థాయిలో పాతదానికీ కొత్తదానికీ సరిపోలిక పట్టిక తయారు చేసుకోవడం మీ శిక్షణలో మొదటి అభ్యాసంగా పెట్టుకోండి. రెండు వారాలు పట్టినా ఆ శ్రమ మీకూ మీ తరువాత వచ్చేవారికీ ఉపయోగపడుతుంది.

ఇక సాఫ్ట్‌వేర్ విషయంలో, నాలుగింటిని పైపైన చూడడం కన్నా ఒకదాన్ని లోతుగా నేర్చుకోవడం మేలు. ఆర్ (R) అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, చేసిన ప్రతి లెక్కా అందులో ఆదేశాల రూపంలో మిగులుతుంది కాబట్టి ఏడాది తరువాత కూడా అదే లెక్కను మళ్లీ నడిపి చూసుకోవచ్చు. ఎన్‌పీటీఈఎల్, స్వయం అనే ఆన్‌లైన్ వేదికల మీద గణాంకాలకూ పరిశోధనా పద్ధతులకూ కోర్సులున్నాయి. ఎందులో చేరినా ప్రతి వారం నేర్చుకున్నదాన్ని ఆ వారంలోనే మీ సొంత పట్టిక మీద చేసి చూడాలన్న నియమం పెట్టుకోండి. సామాజిక శాస్త్రాల వారికి భారత సామాజిక శాస్త్ర పరిశోధనా మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) సాయంతో విశ్వవిద్యాలయాలు నిర్వహించే పది రోజుల పరిశోధనా పద్ధతుల శిక్షణ ఉంటుంది. మీ సమాచారంలో కొంత చేతికి వచ్చాక, అంటే రెండో ఏడాదిలో, దానికి వెళితే అడగడానికి మీ దగ్గర నిజమైన ప్రశ్నలుంటాయి.

రాయడం

రాయడాన్ని చివరి ఏడాదికి వాయిదా వేయడం మన విభాగాల్లో పాతుకుపోయిన అలవాటు. ముందు చదవాలి, తరువాత ఊళ్లు తిరగాలి, ఆపైన రాయాలి అని వరుస పెట్టుకుంటాం. రాసే నైపుణ్యం అలా ఒక్క ఏడాదిలో వచ్చేది కాదు. మొదటి నెల నుంచీ వారానికి రెండు పేజీలు రాయండి. చదివిన ఒక వ్యాసంలో రచయిత ఏమి నిరూపించదలచారు, అందుకు ఏ ఆధారం చూపారు, ఆ ఆధారం మీకు సరిపోయిందని అనిపించిందా అన్న మూడు ప్రశ్నలకు పుస్తకం మూసి, మీ మాటల్లో జవాబు రాయండి. పుస్తకం మూయడం తప్పనిసరి. తెరిచి ఉంచుకుని రాస్తే మనకు తెలియకుండానే వాక్యాలు నకలవుతాయి. ఏడాది తిరిగేసరికి వంద పేజీలు పోగవుతాయి, పూర్వ పరిశోధనల సమీక్ష అధ్యాయానికి అవే పునాది అవుతాయి. చదివిన ప్రతిదాని వివరాలనూ జొటేరో వంటి ఉచిత సాధనంలో అదే రోజు ఎక్కించండి.

వ్యవసాయం మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలు ఎన్నో 'భారతదేశం వ్యవసాయ ప్రధానమైన దేశం' అన్న వాక్యంతో మొదలవుతాయి. ఆ వాక్యం అబద్ధం కాదు. కానీ అది రాయడానికి ఊళ్లు తిరగనక్కరలేదు. దాని స్థానంలో 'నేను సర్వే చేసిన మూడు గ్రామాల్లోనూ కౌలు ఒప్పందం నోటి మాట మీదే నడుస్తున్నది, కాగితం లేనందువల్ల కౌలుదారుకు బ్యాంకు అప్పు పుట్టడం లేదు' అని ఉంటే, చదివేవారికి మొదటి వాక్యంలోనే మీరు ఏమి చూశారో, ఏ ప్రశ్న వెంట వెళుతున్నారో తెలుస్తుంది. మీ డ్రాఫ్టులో ప్రతి పేరా మొదటి వాక్యాన్నీ ఇలా పరీక్షించండి: ఈ వాక్యాన్ని నా పరిశోధన చేయనివారు కూడా రాయగలరా? రాయగలిగితే దాన్ని తీసేసి రెండో వాక్యంతో మొదలుపెట్టి చూడండి.

తెలుగు మాధ్యమంలో చదివి వచ్చి ఇంగ్లిష్‌లో రాయవలసినవారికి ఒక సలహా. వాదన క్రమాన్ని ముందు తెలుగులో రాసుకోవడానికి సంకోచించకండి. ఆలోచనలోని చిక్కు ముందు విడిపోతే భాషలోని చిక్కు ఒక్కటే మిగులుతుంది. రెండింటితో ఒకేసారి పెనుగులాడడం వల్లనే చాలామంది తమకు ఆలోచించడమే రాదనుకుని నిరాశ పడుతున్నారు. తరువాత ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాలు రాయండి, పైకి చదివి వినండి, నమ్మకమున్న ఒక సహాధ్యాయితో వారం వారం పేజీలు మార్చుకోండి.

తెలుగులో సిద్ధాంత గ్రంథం రాసేవారి ఇబ్బంది వేరు. చేతిరాత ప్రతిని డీటీపీ సెంటరులో ఇచ్చి, అను ఫాంట్లలో పేజ్‌మేకర్ మీద కంపోజ్ చేయించుకోవడం ఇప్పటికీ జరుగుతున్నది. అటువంటి పాత ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగైనా లోపల నిల్వ ఉండేవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలు. అందువల్ల ఆ ఫైలులో ఒక తెలుగు పదాన్ని వెతకలేము, ఇతరుల రచనలతో పోలిక ఎంతో లెక్కగట్టే సారూప్య పరీక్ష సాఫ్ట్‌వేర్ దాన్ని తెలుగుగా గుర్తించలేదు, శోధగంగలో చేరినా ఆ గ్రంథంలోని మాటలు ఎవరి వెతుకులాటలోనూ తగలవు. ఐదారేళ్ల కష్టం అలా కనపడకుండా పోవడం నన్ను నిజంగా కలచివేస్తుంది. తెలుగు అక్షరాలను తెలుగుగానే నిల్వ చేసే యూనికోడ్‌లో టైపు చేయడం మీరే నేర్చుకోండి. రోజుకు అరగంట చొప్పున కొన్ని వారాలు కూర్చుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు చేతికి వస్తుంది, ప్రూఫులు దిద్దించుకోవడానికి సెంటరు చుట్టూ తిరిగే రోజులూ మిగులుతాయి.

నీతి, ప్రచురణ

కోర్సువర్క్‌లోని పరిశోధనా నీతి పాఠ్యాంశం 30 గంటలది, రెండు క్రెడిట్లది. అందులో తాత్త్విక భాగం కొద్దిగానే ఉంటుంది. ప్రచురణ నీతికీ, డేటాబేసులు, పరిశోధనా కొలమానాలకూ ఏడేసి గంటలు కేటాయించారు. ఆ గంటల్లో బట్టీ పట్టకుండా, మీ అంశంలోని పత్రికలను డేటాబేసులో స్వయంగా వెతికి చూడండి.

గ్రంథచౌర్యంపై 2018 నాటి యూజీసీ నిబంధనల్లో సారూప్యం పది శాతం దాకా ఉంటే శిక్ష లేదు; పది నుంచి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు సవరించి ఇవ్వాలి; నలభై నుంచి అరవై దాకా ఉంటే ఏడాది పాటు సవరించిన ప్రతిని సమర్పించే వీలుండదు; అరవై దాటితే ఆ పరిశోధనకు నమోదు రద్దవుతుంది. ఈ అంకెలు అందరికీ కంఠస్థమే. కానీ శాతం తగ్గించడానికి మాటలు అటూ ఇటూ మార్చడం, యంత్రం చేత తిరగరాయించడం నేర్చుకున్నవారు పరిశోధన నేర్చుకున్నట్టు కాదు. మరొకరి ఆలోచనను మీ మాటల్లో చెప్పినా ఆ ఆలోచన వారిదేనని చెప్పడం మీ బాధ్యత, సాఫ్ట్‌వేర్ పట్టుకున్నా పట్టుకోకపోయినా.

సిద్ధాంత గ్రంథం సమర్పించే ముందు పత్రికలో వ్యాసం తప్పనిసరి అన్న పాత నియమాన్ని యూజీసీ 2022లో తీసేసింది, అయితే మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ నియమాన్ని కొనసాగిస్తున్నదేమో చూసుకోండి. నాణ్యమైన పత్రికలను సూచించే యూజీసీ కేర్ జాబితాను కూడా నిలిపివేస్తున్నట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటించారు. కాబట్టి మంచి పత్రికను గుర్తించడం ఇప్పుడు మీరే నేర్చుకోవలసిన పని. మీరు ఎక్కువగా ఉదహరించిన పది వ్యాసాలు ఏ పత్రికల్లో వచ్చాయో చూడండి, మీ వ్యాసానికి సహజమైన చోటు అవే. డబ్బు కట్టిన వారంలోపు అచ్చు వేస్తామని వాట్సాప్‌లో సందేశం పంపేవారికి దూరంగా ఉండండి. ఐఎస్‌ఎస్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్య ఉన్నంత మాత్రాన పత్రికకు నాణ్యత వచ్చినట్టు కాదు. మంచి పత్రికలు చదవడానికి డబ్బు లేదన్న ఇబ్బంది ఇప్పుడు తగ్గింది. 2025 జనవరిలో మొదలైన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం ద్వారా ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు దాదాపు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. మీ లైబ్రరీకి వెళ్లి లాగిన్ వివరాలు ఈ వారమే అడగండి.

బోధన, ప్రసంగం, వైవా

వారానికి నాలుగైదు గంటల బోధన అప్పగిస్తే అది పరిశోధనకు అడ్డమని భావించకండి. ఒక సిద్ధాంతాన్ని డిగ్రీ పిల్లలకు తెలుగులో ఉదాహరణతో వివరించలేకపోతే అది మనకే పూర్తిగా అర్థం కాలేదని ఆ తరగతి గదిలో తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదు. క్లాసు అయిన వెంటనే, పిల్లలు అడిగిన ఒక్క ప్రశ్నను డైరీలో రాసుకోండి.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రారంభించిన మూడు నిమిషాల సిద్ధాంత గ్రంథం పోటీలో, పరిశోధకులు కదలని ఒకే ఒక స్లైడుతో తమ పరిశోధనంతటినీ మూడు నిమిషాల్లో సామాన్య శ్రోతలకు చెప్పాలి. దాన్ని మీ విభాగంలోనే శనివారం సాయంత్రాలు నిర్వహించుకోవచ్చు, ఖర్చేమీ లేదు. ఒకసారి ఇంగ్లిష్‌లో చెప్పినవారు మరుసటి వారం తెలుగులో చెప్పాలని నియమం పెట్టండి. పండుగకు ఊరికి వెళ్లినప్పుడు 'నువ్వు చేసే చదువేంటి నాయనా' అని అడిగే పెద్దమ్మకు తృప్తి కలిగేలా చెప్పగలిగితే, ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందయినా చెప్పగలరు.

గైడుగారితో కలిసి పనిచేయడం కూడా నేర్చుకోవలసిన విద్యే. 'ఎప్పుడు రమ్మంటారు సార్' అని అడిగి వరండాలో నిలబడే బదులు, ఏ విషయం మీద సలహా కావాలో రెండు వాక్యాల్లో ముందు రోజే రాసి పంపండి. మాట్లాడి వచ్చిన సాయంత్రమే, మేడమ్ లేదా సార్ ఏమి సూచించారని మీకు అర్థమైందో, మీరు ఎప్పటిలోగా ఏమి చేయబోతున్నారో మర్యాదగా ఒక మెయిల్‌లో రాయండి. అపార్థాలు అక్కడికక్కడే తీరిపోతాయి, రెండేళ్ల తరువాత ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో వెతుక్కోవడానికి ఆధారమూ ఉంటుంది.

వైవా సన్నద్ధతను కూడా మొదటి ఏడాదే మొదలుపెట్టవచ్చు. విభాగంలో జరిగే వైవాలకు పరిశోధక విద్యార్థులు హాజరు కావచ్చు. సీనియర్ల వైవా ఉన్న ప్రతిసారీ వెళ్లి కూర్చుని, పరీక్షకులు అడిగిన ప్రశ్నలను ఒక నోటుపుస్తకంలో వారి మాటల్లోనే రాసుకోండి. ఈ గ్రామాలనే ఎందుకు ఎంచుకున్నారు, మీ ఫలితం మరోచోట చెల్లుతుందా, మళ్లీ చేయమంటే దేన్ని మారుస్తారు అన్నవి దాదాపు ప్రతి వైవాలోనూ ఏదో ఒక రూపంలో వస్తాయి. మీ సినాప్సిస్ (పరిశోధన సారాంశం) సమర్పించిన తరువాత ఆ నోటుపుస్తకం తీసి, ప్రతి ప్రశ్నకూ మీ పరిశోధన నుంచి రెండేసి వాక్యాల జవాబు రాసుకుని, జూనియర్లను ఎదురుగా కూర్చోబెట్టి వరుస తప్పించి అడగమనండి.